రాజు చట్టానికి అర్థం చెప్పవచ్చా? కోక్‌కూ జేమ్స్ రాజుకూ మధ్య వివాదం అసలు దేని గురించి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఇంగ్లండులో న్యాయస్థానాలు రాజు పేరు మీదనే నడిచేవి, న్యాయమూర్తులను రాజే నియమించేవాడు, అటువంటప్పుడు చట్టంలో సందేహం వచ్చిన చోట రాజే అర్థం చెబితే కాదనే అధికారం 1607లో ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్‌కు ఎక్కడి నుంచి వచ్చింది, చివరికి ఆ తగవులో నెగ్గినది ఎవరు? రిట్ వ్యాజ్యాలలో చాలాకాలం పనిచేసిన న్యాయవాదిగా ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది. ఒక ధీరుడు ఒక నిరంకుశుడి నోరు ఒక్క మాటతో మూయించినట్టుగా ఈ కథను చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. జరిగినది అది కాదు. కోక్ ఆ రోజు నెగ్గలేదు. 1616లో పదవి పోగొట్టుకున్నాడు. ఆయన చెప్పిన సూత్రానికి చట్టబద్ధమైన రక్షణ దొరకడానికి ఆయన మరణించాక కూడా అరవై ఏళ్లకు పైగా పట్టింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చట్టం ఎవరికి బాగా తెలుసు అన్న చోట ఆ వివాదం మొదలైంది గాని, తేలవలసిన అసలు సంగతి వేరు. తీర్పు వెలువడక ముందే న్యాయమూర్తిని పక్కకు పిలిచి మాట్లాడే హక్కు పాలకుడికి ఉందా లేదా అన్నదే ఆ సంగతి. అది సూటిగా ఎదురైనది 1607లో కాదు, 1616లో.

ముందు రాజు పక్షం వినాలి, లేకపోతే ఈ వివాదం అర్థం కాదు. కింగ్స్ బెంచ్ అన్న న్యాయస్థానం పేరే రాజు ఆసనాన్ని చెబుతుంది. అక్కడి వ్యాజ్యాలు రాజు సమక్షంలో విచారించినట్టుగానే రికార్డులలో రాసేవారు. మధ్యయుగంలో రాజులు న్యాయస్థానంలో స్వయంగా కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. న్యాయానికి మూలం రాజే అన్న మాటను ఆనాడు ఎవరూ కాదనలేదు, కోక్ కూడా కాదనలేదు. కింగ్స్ బెంచ్, కామన్ ప్లీస్ న్యాయస్థానాల న్యాయమూర్తులు రాజు ఇష్టపడినంత కాలమే పదవిలో ఉండేవారు. ఇక మొదటి జేమ్స్ చదువులేని రాజు కాడు. స్కాట్లండు సింహాసనం మీద పసితనం నుంచీ ఉన్నాడు. రాజులు పార్లమెంట్ల కన్నా, చట్టాల కన్నా ముందునుంచీ ఉన్నారనీ, చట్టాలు చేసినవారు వారేననీ 1598లో ఒక గ్రంథమే రాశాడు. 1603లో ఇంగ్లండు రాజ్యం సంక్రమించి లండన్‌కు ప్రయాణమై వస్తూ, నూవార్క్ పట్టణంలో పట్టుబడిన ఒక జేబుదొంగను విచారణ లేకుండానే ఉరి తీయమన్నాడు. రాజే న్యాయం అని నమ్మినవాడికి అందులో తప్పు కనబడదు. అయితే ఆ దొంగకు తన మాట చెప్పుకునే అవకాశం రాలేదన్న సంగతిని మాత్రం గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చే ప్రతి తగవులోనూ ఇదే విషయం వేరు వేరు రూపాలలో తిరిగి వస్తుంది.

తగవు మొదలైనది రాజుకూ న్యాయమూర్తులకూ మధ్య కాదు, రెండు రకాల న్యాయస్థానాల మధ్య. ఒకవైపు దేశాచారాలనూ పూర్వ తీర్పులనూ అనుసరించే కామన్ లా న్యాయస్థానాలు, మరోవైపు చర్చి న్యాయస్థానాలు. చర్చి న్యాయస్థానాలకు పైన మతవిషయాలలో రాజు అధికారాన్ని చెలాయించే హై కమిషన్. వివాహాలు, వీలునామాలు, చర్చికి రైతులు ఇవ్వవలసిన పదోవంతు పన్ను వంటి విషయాలలో చర్చి న్యాయస్థానం తన పరిధి దాటిందని కక్షిదారుడు ఫిర్యాదు చేస్తే, ఇక ఆ విచారణ ఆపమని కామన్ లా న్యాయస్థానం ఒక ఆదేశం పంపేది. దాని పేరు ప్రొహిబిషన్ రిట్. మన రాజ్యాంగం 226వ అధికరణంలో హైకోర్టులు జారీ చేయగల రిట్లలో ప్రొహిబిషన్ ఒకటి. అమరావతిలోనూ హైదరాబాదులోనూ నేటికీ న్యాయవాదులు అడిగే ఆ రిట్ ఇదే వంశానికి చెందినది. 1606లో కామన్ ప్లీస్ న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయిన కోక్ ఈ రిట్లను ధారాళంగా ఇవ్వడం మొదలుపెట్టాడు. హై కమిషన్ నిందితుడి చేత ముందే ప్రమాణం చేయించి, అభియోగం ఏమిటో చెప్పకుండానే ప్రశ్నలు వేసేది. మనిషి తన నోటితోనే తనను దోషిగా నిలబెట్టుకోవలసి వచ్చేది. ఇలాంటి పద్ధతిలో చిక్కుకున్నవారికి ప్రొహిబిషన్ ఒక దారి.

క్యాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ రిచర్డ్ బ్యాంక్రాఫ్ట్ దీనిమీద రాజుకు మొరపెట్టుకున్నాడు. ఆయన వాదం చక్కగా అల్లినది. చర్చి న్యాయస్థానం పరిధి ఎంతవరకు అన్నది చట్టంలో స్పష్టంగా లేనప్పుడు, రెండు న్యాయస్థానాలూ రాజువే అయినప్పుడు, వాటిలో ఒకటి రెండోదాని హద్దులు నిర్ణయించడమేమిటి? న్యాయమూర్తులు రాజు ప్రతినిధులు మాత్రమే గనుక, రాజు తాను కోరిన వ్యాజ్యాన్ని వారి దగ్గర నుంచి తీసుకుని స్వయంగా తేల్చవచ్చునని ఆయన అన్నాడు. నిజం చెప్పాలంటే, ఈ వాదాన్ని ఒక్క వాక్యంతో కొట్టివేయడం తేలిక కాదు.

కోక్ తన నివేదికలో రాసుకున్న ప్రకారం 1607 నవంబరు 10, ఆదివారం నాడు రాజు సమక్షంలో ఈ చర్చ జరిగింది. రాజు స్వయంగా ఏ వ్యాజ్యాన్నీ తీర్చలేడనీ, ఇంగ్లండు చట్టం, ఆచారాల ప్రకారం ఏదో ఒక న్యాయస్థానంలోనే అది తేలాలనీ కోక్ చెప్పాడు. చట్టం హేతువు మీద నిలబడినదైతే, హేతువు న్యాయమూర్తులకు ఎంత ఉందో తనకూ ఇతరులకూ అంతే ఉంది కదా అని రాజు అడిగాడు. దేవుడు రాజుకు గొప్ప జ్ఞానం, సహజ ప్రతిభ ఇచ్చాడు గాని, ప్రజల ప్రాణాలకూ వారసత్వానికీ ఆస్తికీ సంబంధించిన వ్యాజ్యాలు సహజ హేతువుతో తేలేవి కావు, దీర్ఘకాలం చదువుతో, అనుభవంతో అలవడే చట్టపు హేతువుతో తేలేవి అని కోక్ జవాబిచ్చాడు. అంటే నేను చట్టానికి లోబడినవాడినా, అలా అనడం రాజద్రోహం అని రాజు మండిపడ్డాడు. రాజు ఏ మనిషికీ లోబడడు గాని దేవుడికీ చట్టానికీ లోబడతాడన్న పదమూడో శతాబ్దపు న్యాయవేత్త బ్రాక్టన్ వాక్యాన్ని కోక్ వినిపించాడు. మనందరికీ తెలిసిన ఘట్టం ఇదే.

ఇది కోక్ స్వయంగా రాసుకున్న వృత్తాంతం, అచ్చయినది ఆయన చనిపోయిన ఇరవై రెండేళ్లకు, 1656లో. సమావేశం జరిగినది 1608 నవంబరులో అని భావించే చరిత్రకారులు ఉన్నారు. ఆ కాలపు ఉత్తరాలు చెప్పే దృశ్యమూ వేరు: రాజు పిడికిలి బిగించి కొట్టబోయేంత కోపంతో లేచాడనీ, కోక్ నేల మీద సాగిలపడి క్షమాపణ వేడుకున్నాడనీ, కోశాధికారి రాబర్ట్ సెసిల్ మోకరిల్లి బతిమాలితే గాని రాజు శాంతించలేదనీ అవి చెబుతాయి. సెసిల్ కోక్ భార్యకు పినతండ్రి వరుస. కోక్ సాగిలపడ్డాడంటే ఆయన వాదానికి విలువ తగ్గిందని నేను అనుకోను. ప్రాణభయం కలిగినవాడు మళ్లీ వెళ్లి అదే రిట్లు జారీ చేశాడంటే, నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

చదువు, అనుభవం అన్న జవాబు మాత్రం ఒంటరిగా నిలబడదు. ఇరవై ఏళ్లు కామన్ లా చదివిన రాజు ఒకడు వస్తే ఏమంటారు? ఆ శతాబ్దంలోనే తత్వవేత్త థామస్ హాబ్స్ ఈ లోపాన్ని పట్టుకుని, చట్టాన్ని చట్టంగా నిలబెట్టేది న్యాయమూర్తుల పాండిత్యం కాదు, సార్వభౌముడి ఆజ్ఞ అని వాదించాడు. అయితే కోక్ నివేదికలోనే దీనికన్నా బలమైన మాట మరొకటి ఉంది, దాన్ని జనం సాధారణంగా పట్టించుకోరు. రాజే తీర్పు చెబితే, ఆ తీర్పు తప్పయినప్పుడు నష్టపోయినవాడికి దిక్కేది అని ఆయన అడుగుతాడు. అనుమానం మీద రాజు స్వయంగా ఎవరినీ నిర్బంధించరాదనీ, అది తప్పుడు నిర్బంధమైతే బాధితుడు రాజు మీద దావా వేయలేడనీ పదిహేనో శతాబ్దంలోనే న్యాయమూర్తులు రాజుకు చెప్పి ఉన్నారు. న్యాయమూర్తి ఇచ్చిన తీర్పును పై న్యాయస్థానంలో తప్పని చూపి రద్దు చేయించవచ్చు. రాజు ఇచ్చిన తీర్పును ఎక్కడికి తీసుకెళతారు? తప్పు చేయడానికి వీలున్నవాడి చేతిలోనే, అంటే తప్పును దిద్దడానికి వీలున్నవాడి చేతిలోనే, వ్యాఖ్యానం ఉండాలి. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. కోక్‌కు ఆ అధికారం ఆయన పాండిత్యం వల్ల రాలేదు. న్యాయస్థానం ఉభయపక్షాలూ విన్నాక కారణాలు చెబుతుంది, ఆ కారణాలు రికార్డులో ఉంటాయి, అవి తప్పయితే సరిదిద్దడానికి మరో చోటు ఉంటుంది; ఆ అధికారం అక్కడి నుంచి వచ్చింది.

1610లో విషయం మరింత పదునెక్కింది. జేమ్స్ రాజు ప్రకటనల ద్వారా పాలించడం ఎక్కువైందని కామన్స్ సభ ఫిర్యాదు చేసింది. ఆ సెప్టెంబరు 20న కోక్‌ను పిలిపించి, రెండు ప్రకటనల గురించి అభిప్రాయం అడిగారు: లండన్‌లోనూ చుట్టుపక్కలా కొత్త కట్టడాలు కట్టరాదన్నది ఒకటి, గోధుమల నుంచి గంజిపొడి తయారు చేయరాదన్నది మరొకటి. రెండింటి ఉద్దేశమూ మంచిదే. ఒకటి నగరం కిక్కిరిసిపోకుండా ఆపడానికి, రెండోది తిండిగింజలు బట్టలకు పెట్టే గంజికి పోకుండా చూడడానికి. కోక్ వెంటనే జవాబివ్వలేదు. ఇది గొప్ప ప్రాముఖ్యం ఉన్న విషయం, తోటి న్యాయమూర్తులతో సంప్రదించనివ్వండి అన్నాడు. ప్రతి పూర్వ తీర్పుకూ ఎప్పుడో ఒక ఆరంభం ఉంటుంది గదా, ఉదాహరణ లేని చోట రాజు అధికారాన్ని నిలబెట్టడమే న్యాయమూర్తుల విధి, లేకపోతే మన రాజు, అధికారం పేరుకే ఉన్న వెనిస్ డ్యూక్‌కు మించినవాడు కాడు అని లార్డ్ చాన్సలర్ ఎల్స్‌మియర్ ఒత్తిడి చేశాడు. పూర్వ తీర్పుకు ఆరంభం ఉండే మాట నిజమే గాని, ఆధారమూ ఉదాహరణా రెండూ లేని చోట కొత్తదాన్ని నెలకొల్పే ముందు ఎంతో ఆలోచించాలి అని కోక్ బదులిచ్చాడు. ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తులు ఇద్దరు, రాజు రాబడి వ్యాజ్యాలు వినే ఎక్స్‌చెకర్ న్యాయస్థానం నుంచి ఇద్దరు కలిసి తేల్చినది ఇది: అంతకు ముందు నేరం కానిదాన్ని రాజు తన ప్రకటనతో నేరం చేయలేడు, దేశపు చట్టం ఒప్పుకున్నంత మేరకే రాజుకు విశేషాధికారం ఉంటుంది.

ఈ రెండో వాక్యమే అన్నిటికన్నా ముఖ్యమైనదని నా నమ్మకం. రాజుకు విశేషాధికారం లేదని అది అనదు. ఉంది, కాని దాని హద్దు చట్టం గీసినది, ఆ హద్దు ఎక్కడ ఉందో చెప్పేది న్యాయస్థానం. 2019 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని సలహా మీద పార్లమెంటును అయిదు వారాల పాటు నిలిపివేసిన చర్య చెల్లదని ఆ దేశపు సుప్రీంకోర్టుకు చెందిన పదకొండు మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పినప్పుడు, వారు ఆధారం చేసుకున్న పాత తీర్పులలో ఇది ఒకటి. 1607 నాటి సంభాషణ కన్నా ఈ పొడి వాక్యమే న్యాయస్థానాలకు నిజంగా పనికివచ్చింది.

1613లో రాజు న్యాయవాదులలో ఒకడైన ఫ్రాన్సిస్ బేకన్ సలహా మీద రాజు కోక్‌ను కామన్ ప్లీస్ నుంచి కింగ్స్ బెంచ్‌కు మార్చాడు. పేరుకు అది పై పదవి. రాబడి తక్కువ, రాజుతో తగవు పడే అవకాశమూ తక్కువ అని వారి లెక్క. ఆ లెక్క తప్పింది. 1615లో ఎడ్మండ్ పీచమ్ అనే మతబోధకుడి ఇంట్లో రాజును నిందిస్తూ రాసిన ఒక ప్రసంగ ప్రతి దొరికింది; ఆయన దాన్ని ఎక్కడా చదివి వినిపించలేదు. అతణ్ణి చిత్రహింస పెట్టినా ఫలితం దక్కలేదు. ఇది రాజద్రోహం అవుతుందా అని, విచారణకు ముందే, కింగ్స్ బెంచ్ న్యాయమూర్తులను ఒక్కొక్కరిని విడివిడిగా అడిగించాలని రాజు నిశ్చయించాడు. కోక్‌తో మాట్లాడే బాధ్యత అప్పటికి అటార్నీ జనరల్ అయిన బేకన్ తీసుకున్నాడు. ఇలా ఒక్కొక్కరి చెవిలో అభిప్రాయం తీసుకోవడం ఈ దేశపు ఆచారం కాదని కోక్ అభ్యంతరం చెప్పాడు. న్యాయమూర్తులు పాలకుడికి సలహా చెప్పే ఆచారం అప్పటికి ఉన్నదే. కోక్ అడ్డుపడినది విడదీసి అడగడానికి. పక్కవాడు ఏమన్నాడో తెలియని స్థితిలో, రాజు మనిషి ఎదుట ఒంటరిగా కూర్చున్నవాడు ఎంతవరకు నిలబడగలడు? పీచమ్‌కు శిక్ష పడింది. ఉరి తీయకపోయినా జైలులోనే చనిపోయాడు.

1616 నాటి వ్యాజ్యం వినడానికి చాలా చిన్నది. బిషప్ పదవిలో ఉన్నవాడు దానితో పాటు మరో చర్చి ఆదాయం కూడా అనుభవించేలా రాజు అనుమతి ఇవ్వవచ్చా అన్నది ప్రశ్న. ఆ చర్చికి పూజారిని ప్రతిపాదించే హక్కు తమదేనని ఇద్దరు ప్రైవేటు వ్యక్తులు లిచ్‌ఫీల్డ్ బిషప్ మీద దావా వేశారు. వాదనలో రాజు అధికారం మీదనే చర్చ జరుగుతోందని తెలిసి, తనతో మాట్లాడే వరకు విచారణ ఆపమని రాజు బేకన్ చేత ఏప్రిల్ 25న కోక్‌కు ఉత్తరం రాయించాడు. ఆ వ్యాజ్యం వింటున్న పన్నెండు మంది న్యాయమూర్తులూ కలిసి, ఏప్రిల్ 27న సంతకాలు పెట్టి రాజుకు జవాబు పంపారు: చట్టానికి విరుద్ధమైన ఉత్తరం ఏదైనా వస్తే దాన్ని లక్ష్యపెట్టక న్యాయం జరిపిస్తామని తాము ప్రమాణం చేసి ఉన్నామనీ, ఇది ఇద్దరు ప్రైవేటు కక్షిదారుల ఆస్తి తగవు గనుక ఆలస్యం చేయడం తగదనీ, అందుచేత విచారణ కొనసాగించామనీ అందులో రాశారు. పన్నెండు మందీ ఒక్కమాట మీద నిలబడిన ఆ కొద్ది రోజులు ఇంగ్లండు న్యాయచరిత్రలో అపురూపమైనవి.

జూన్ 6న వారందరినీ వైట్‌హాల్‌కు పిలిపించి, రాజు ఆ ఉత్తరాన్ని వారి ముందే చించివేశాడు. పన్నెండు మందీ మోకరిల్లారు. ఉత్తరం రాసిన తీరుకు క్షమించమని అడిగిన తర్వాత కూడా, విచారణ ఆపితే న్యాయం ఆలస్యమవుతుంది, అది తమ ప్రమాణానికి విరుద్ధం అని కోక్ వాదించాడు. అప్పుడు ఒక్కొక్కరినీ విడిగా ఈ ప్రశ్న అడిగారు: విచారణలో ఉన్న వ్యాజ్యం తన అధికారానికో రాబడికో సంబంధించినదని రాజు భావించి, మీతో సంప్రదించాలని కోరితే, మీరు విచారణ ఆపుతారా? పదకొండు మంది ఆపుతామన్నారు. ఆ సందర్భం వచ్చినప్పుడు ఒక న్యాయమూర్తి చేయదగినదేదో అది చేస్తాను అని కోక్ అన్నాడు.

ఆ పదకొండు మందిని పిరికివారని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆరు వారాల కిందట అదే సంతకాలు పెట్టినవారు వారే. పదవి రాజు ఇష్టం మీద ఆధారపడినప్పుడు మనుషులు ఏమి చేయగలరో అదే చేశారు. కోక్ జవాబును మాత్రం చాలామంది తప్పించుకునే మాటగా చదువుతారు. నా దృష్టిలో 1607లో చెప్పిన దాని కన్నా ఇది గొప్ప జవాబు. వ్యాజ్యం ఎదుట లేకుండా, కక్షిదారులు మాట్లాడకుండా, ఏ న్యాయమూర్తీ రేపటి తీర్పును ఈరోజు వాగ్దానం చేయకూడదు. ఆపుతాను అన్నా, ఆపను అన్నా అది వినకుండా ఇచ్చిన తీర్పే అవుతుంది. నూవార్క్‌లో ఆ దొంగకు దక్కనిది సరిగ్గా ఇదే.

కోక్ అన్ని విషయాలలోనూ సరి అని నేను అనను. అదే సంవత్సరం, కామన్ లా కఠినంగా ఉన్న చోట న్యాయబుద్ధితో ఉపశమనం ఇచ్చే చాన్సరీ న్యాయస్థానంతో ఆయన పెట్టుకున్న తగవులో రాజు చాన్సరీ పక్షాన నిర్ణయం చేశాడు. కామన్ లా న్యాయస్థానంలో మోసంతో సంపాదించిన తీర్పును కూడా చాన్సరీ ముట్టుకోరాదన్న కోక్ వైఖరి అన్యాయానికి దారి తీసేదే, తర్వాతి కాలపు ఇంగ్లండు చట్టం కూడా ఆ నిర్ణయాన్నే నిలుపుకుంది. ఆ వేసవిలోనే కోక్‌ను రాజు సలహామండలి అయిన ప్రీవీ కౌన్సిల్ నుంచి సస్పెండ్ చేసి, తాను అచ్చు వేయించిన పదకొండు సంపుటాల తీర్పుల నివేదికలలోని తప్పులు దిద్దుకోమన్నారు. ఆయన వెతికి అయిదు చిన్న సవరణలు మాత్రం సమర్పించాడు. నవంబరులో పదవి నుంచి తొలగించారు. ఆ తర్వాత పార్లమెంటులో చేరి, 1621 చివర లండన్ టవర్ జైలుకు వెళ్లి, 1628లో పార్లమెంటు రాజుకు సమర్పించిన హక్కుల వినతిపత్రం రూపొందించడంలో ముందు నిలిచి, 1634లో మరణించాడు. ఆయన కాగితాలను జేమ్స్ కొడుకు మొదటి చార్లెస్ రాజు స్వాధీనం చేయించాడు.

రాజు వ్యాఖ్యానమే సరైనదైతే, న్యాయస్థానానిదే తప్పయితే అప్పుడేమిటి అని మీరు తప్పక అడుగుతారు. దానికి ఇంగ్లండు కన్నా ఆనాటి జర్మన్ రాజ్యం ప్రష్యా మంచి ఉదాహరణ. అక్కడి రాజు రెండవ ఫ్రెడరిక్, చట్టాలు మాట్లాడే చోట రాజు మౌనంగా ఉండాలని 1752లో తన వారసుల కోసం రాసి పెట్టినవాడు. ఓడర్ నది ప్రాంతంలో ఆర్నాల్డ్ అనే మిల్లు యజమాని, ఎగువన ఒక భూస్వామి చేపల చెరువులు తవ్వి నీరు మళ్లించాడనీ, అందుచేత తాను మిల్లు కౌలు కట్టలేననీ మొరపెట్టుకున్నాడు. కింది న్యాయస్థానాలతో పాటు బెర్లిన్‌లోని పై న్యాయస్థానం కూడా అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పాయి. పేదవాడికి అన్యాయం జరిగిందని రాజు గట్టిగా నమ్మాడు. 1779 డిసెంబరులో న్యాయమంత్రిని అక్కడికక్కడే తొలగించి, న్యాయమూర్తులను జైలుకు పంపాడు. వారి నడతలో దోషమేమీ లేదని నేర విచారణ చేసినవారు తేల్చారు. శిక్ష విధిస్తూ ఆదేశం రాయమంటే మరో మంత్రి జెడ్లిట్జ్ తాను రాయలేనని రాజుకే చెప్పాడు. రాజు స్వయంగా శిక్ష విధించాడు. ఫ్రెడరిక్ 1786లో మరణించాక ఆ న్యాయమూర్తులకు జరిగినది అన్యాయమని రాజ్యమే ఒప్పుకుంది.

ఇక్కడ రాజు స్వార్థం ఏమీ లేదు, ఆనాటి జనం ఆయనను మెచ్చుకున్నారు కూడా. అయినా ఆ నిర్ణయం తప్పని నేను గట్టిగా అంటాను. ఎగువన ఉన్న భూస్వామికి తన మాట చెప్పుకునే చోటు లేకపోయింది. రాజు తీర్పు మీద అప్పీలు లేదు. మరుసటి రోజు నుంచి ప్రతి న్యాయమూర్తీ చట్టం ఏమంటుందో కాక రాజుకు ఎవరి మీద జాలి కలుగుతుందో ఆలోచించవలసి వచ్చేది. పేదవాడికి మేలు చేయాలన్న తొందర మన కాలంలోనూ పాలకులకు ఉంటుంది, అది మంచి తొందరే. దానికి దారి చట్టాన్ని మార్చడం, నడుస్తున్న వ్యాజ్యంలో న్యాయమూర్తిని మార్చడం కాదు.

మీ రెండో ప్రశ్న, ఎవరు నెగ్గారన్నది. పార్లమెంటు అనుమతి లేకుండా ఓడల కోసమని రాజు వేసిన పన్ను మీద 1637–38లో నడిచిన ఓడపన్ను వ్యాజ్యంలో రాజు పక్షాన ఏడుగురు, వ్యతిరేకంగా అయిదుగురు న్యాయమూర్తులు నిలిచారు. 1686లో రెండవ జేమ్స్ తనతో విభేదించిన న్యాయమూర్తులను ముందే తొలగించి, చట్టం అమలును పక్కన పెట్టే అధికారం తనకు ఉందని మిగిలినవారి చేత చెప్పించుకున్నాడు. పదవి రాజు దయ మీద ఉన్నంత కాలం కోక్ సూత్రం పుస్తకాలలోనే ఉండిపోయింది. 1701 నాటి వారసత్వ చట్టం న్యాయమూర్తులు సత్ప్రవర్తన ఉన్నంత వరకు పదవిలో ఉంటారనీ, పార్లమెంటు ఉభయసభలూ కోరితేనే తొలగించవచ్చనీ చెప్పింది. రాజు మరణిస్తే న్యాయమూర్తుల నియామకమూ ముగిసిపోయే పద్ధతిని 1761లో మూడవ జార్జ్ కాలంలో తీసివేశారు. మన సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల తొలగింపుకు పార్లమెంటు ఉభయసభల అభ్యర్థన అవసరమన్న నిబంధనకు మూలం అక్కడే ఉంది.

1616లో రాజు అడిగిన సంప్రదింపు సంగతి ఇంకా మిగిలి ఉంది. ప్రభుత్వానికి చట్టంలో నిజమైన సందేహం వస్తే న్యాయస్థానాన్ని అడగకూడదా? మన రాజ్యాంగం 143వ అధికరణం ఆ వీలు కల్పించింది; రాష్ట్రపతి ఒక ప్రశ్నను సుప్రీంకోర్టుకు నివేదించి అభిప్రాయం కోరవచ్చు. కాని 145వ అధికరణం ప్రకారం అలాంటి ప్రశ్నను కనీసం అయిదుగురు న్యాయమూర్తులు కలిసి కూర్చుని వినాలి, అభిప్రాయాన్ని బహిరంగ న్యాయస్థానంలోనే ప్రకటించాలి. ఒక్కొక్కరినీ విడిగా పిలిపించి చెవిలో అడగడానికి అందులో చోటు లేదు.